అమెరికాలో పూర్తి డిపాజిట్ కట్టకుండా అపార్ట్‌మెంట్ తీసుకోవడం ఎలా

హైదరాబాద్‌లో రెండు మూడు నెలల అడ్వాన్సు, బెంగళూరులో అంతకు ఎన్నో రెట్లు కట్టి వచ్చినవాళ్లకు అమెరికాలో ఒక నెల డిపాజిట్ అంటే పెద్దగా అనిపించదు. దిగిన వారానికే అసలు సంగతి తెలుస్తుంది. మొదటి నెల అద్దె, అప్లికేషన్ ఫీజు, అడ్మిన్ ఫీజు, కరెంటు కనెక్షన్, పరుపు, వంట సామాను అన్నీ కలిసి మీద పడతాయి. పైగా ఎఫ్‌1 (విద్యార్థి వీసా) మీద కొత్తగా వచ్చినవాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్‌ఎస్‌ఎన్) ఉండదు, క్రెడిట్ స్కోరు ఉండదు. స్కోరు బాగున్నవాళ్ల దగ్గర కొద్ది వందల డాలర్లతో సరిపెట్టుకునే కాంప్లెక్సే మీ దగ్గర ఒక నెల అద్దె మొత్తం అడుగుతుంది. చట్టం అడ్డులేని రాష్ట్రాల్లో రెండు నెలలది కూడా అడుగుతుంది.

సరిగ్గా అప్పుడే లీజింగ్ ఆఫీసులో "జీరో డిపాజిట్ ఆప్షన్ ఉంది, నెలకు 29 డాలర్లే" అంటారు. చాలామంది చదవకుండానే టిక్ పెట్టేస్తారు. ఆ 29 డాలర్లతో మీకు దొరికేది కాస్త వెసులుబాటు. ఇల్లు పాడైతే కట్టాల్సిన బాధ్యత మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే వరుస ఇలా పెట్టుకోండి: ముందు డిపాజిట్ తగ్గించమని అడగాలి, కుదరకపోతే వాయిదాలు అడగాలి, అదీ కుదరకపోతే బాండో (మీ తరఫున ఓనర్‌కి ఒక కంపెనీ ఇచ్చే పూచీ) నెలవారీ ఫీజో తీసుకోవాలి. ఫీజు తీసుకున్నా చేతికి డబ్బు రాగానే వదిలించుకునే దారి లీజు మీద సంతకం పెట్టే రోజే చూసి పెట్టుకోవాలి.

1. మీ రాష్ట్రంలో ఎంతవరకు అడగొచ్చో ముందు తెలుసుకోండి

న్యూయార్క్‌లో 2019 నుంచి డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి అదే పరిమితి. అయితే రెండు అద్దె భవనాలకు, వాటిలో మొత్తం నాలుగు యూనిట్లకు (విడివిడి వాటాలకు) మించని చిన్న ఓనర్లు రెండు నెలలది తీసుకోవచ్చు. న్యూజెర్సీలో నెలన్నర. టెక్సస్‌లో రాష్ట్ర చట్టం పెట్టిన పరిమితి ఏదీ లేదు, ఎంత అన్నది కాంప్లెక్స్ ఇష్టం. డాలస్ చుట్టుపక్కల కొత్తగా దిగినవాళ్లకు డిపాజిట్ మొత్తం చూసి కళ్లు తిరగడానికి ఇదొక కారణం.

పరిమితి ఉన్న చోట "క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి డబుల్ డిపాజిట్" అంటే ఒప్పుకోనక్కర్లేదు. మర్యాదగా ఈమెయిల్‌లో "రాష్ట్ర పరిమితి ఒక నెలే కదా, సరిచూడగలరా" అని రాయండి. ఫోన్లో వాదించకండి. రాతలో అడిగితే మేనేజర్‌ దాకా వెళ్తుంది, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది.

"పోనీ ఆరు నెలల అద్దె ముందే కట్టేస్తాం, డిపాజిట్ వదిలెయ్యండి" అనేది మనవాళ్లు తరచూ చేసే బేరం. టెక్సస్‌లో ఇది నడవొచ్చు. న్యూయార్క్‌లో మామూలు అపార్ట్‌మెంట్లకు నడవదు, డిపాజిట్ అయినా ముందస్తు అద్దె అయినా ఒక నెలకు మించి తీసుకోవడానికి అక్కడ ఓనర్‌కి వీల్లేదు. నడిచే చోట కూడా జాగ్రత్త అవసరం. ఆరు నెలల అద్దె ఇచ్చేశాక హీటరు పనిచేయకపోయినా, కాంప్లెక్స్ చేతులు మారినా మీ చేతిలో పట్టు ఉండదు. ఇవ్వక తప్పకపోతే ఏ నెల నుంచి ఏ నెల వరకు అద్దె చెల్లించినట్టో లీజులోనే రాయించుకోండి, రసీదు తీసుకోండి.

2. అప్లికేషన్ ఫీజు కట్టకముందే అడగండి

అప్లికేషన్ ఫీజు 18 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికీ విడిగా పడుతుంది. తిరిగి రాదు. నలుగురు రూమ్మేట్లు అప్లై చేశాక డిపాజిట్ సంగతి అడిగితే, అప్పటికే రెండు మూడొందల డాలర్లు ఇరుక్కుని ఉంటాయి, బేరమాడే బలం పోతుంది. కాబట్టి ముందే ఒక ఈమెయిల్ రాసి ఈ నాలుగూ తేల్చుకోండి.

ఎస్‌ఎస్‌ఎన్ లేనివాళ్లకు డిపాజిట్ ఎంత? ఐ-20 (విద్యార్థి వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం), యూనివర్సిటీ ఫండింగ్ లెటర్ లేదా ఉద్యోగం ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపిస్తే ఎంతకు తగ్గుతుంది? వాయిదాలు ఇస్తారా? డిపాజిట్‌కి బదులు ఫీజు ప్రోగ్రాం ఉంటే అది ఏ కంపెనీది, వన్‌టైమా నెలవారీయా, దాని ఒప్పందం కాపీ ముందే పంపగలరా?

చివరి ప్రశ్నకు "పోర్టల్‌లో సంతకం పెట్టేటప్పుడు కనిపిస్తుంది" అని జవాబొస్తే ఊరుకోకండి. ముందే పంపలేని ఒప్పందాన్ని సంతకం రోజు హడావిడిలో ఎవరూ చదవరు.

ఆదాయం లెక్క కూడా ఇక్కడే వస్తుంది. చాలా కాంప్లెక్సులు నెల ఆదాయం అద్దెకు రెండున్నర నుంచి మూడు రెట్లు ఉండాలంటాయి. అద్దె 1,600 డాలర్లయితే నెలకు 4,000 నుంచి 4,800. విద్యార్థికి ఇది అసాధ్యం. అందుకే యూనివర్సిటీ దగ్గరి కాంప్లెక్సుల్లో అడగడం మేలు, వాళ్లకు ఐ-20 చూసి ఇవ్వడం అలవాటై ఉంటుంది. అదే అద్దెకు పదిహేను మైళ్ల దూరంలో ఉన్న లగ్జరీ కాంప్లెక్స్ మీ కాగితాలు చూసి తలపట్టుకుంటుంది, ఆ అయోమయానికి ధర డబుల్ డిపాజిట్ రూపంలో మీరే కడతారు.

హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) మీద వచ్చినవాళ్లు కంపెనీ హెచ్‌ఆర్‌ని రీలొకేషన్ సాయం గురించి అడగండి. డబ్బు ఇవ్వకపోయినా, జీతం, చేరే తేదీ ఉన్న ఎంప్లాయ్‌మెంట్ వెరిఫికేషన్ లెటర్ ఒక్కటి వస్తే డిపాజిట్ తగ్గే అవకాశం ఉంది.

3. వాయిదాలు: వడ్డీ లేని దారి ఇదొక్కటే

డిపాజిట్‌ని వాయిదాల్లో కడితే అది డిపాజిట్‌గానే ఉంటుంది. అంటే తిరిగొస్తుంది. అందుకే ఫీజు ప్రోగ్రాంల కంటే ముందు దీన్ని అడగాలి. ఆశ్చర్యం ఏమిటంటే లీజింగ్ ఆఫీసులు దీన్ని వాటంతట అవి చెప్పవు.

వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే ఇది మీ హక్కు. సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఉండేవాళ్లు గుర్తుంచుకోండి. 2020 జూన్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మీరు రాతపూర్వకంగా అడిగితే డిపాజిట్, తిరిగిరాని ఫీజులు, చివరి నెల అద్దె వాయిదాల్లో తీసుకోవాలి. లీజు మూడు నెలలు లేదా అంతకు మించితే మూడు సమాన నెలవారీ వాయిదాలు, తక్కువైతే రెండు. దానికి వడ్డీగానీ అదనపు ఫీజుగానీ వేయకూడదు. ఒక మినహాయింపు ఉంది: డిపాజిట్, ఫీజులు కలిపి మొదటి నెల అద్దెలో 25 శాతం దాటకుండా, చివరి నెల అద్దె కూడా ముందే అడగకుండా ఉంటే ఓనర్ వాయిదాలకు ఒప్పుకోనక్కర్లేదు. అంత తక్కువ మొత్తానికి మీకూ వాయిదా అవసరం పడదు లెండి.

ఒహాయోలోని సిన్సినాటి 2020లో ఇంకో దారి పట్టింది. 25 యూనిట్లకు మించి ఉన్న ఓనర్లు మామూలు డిపాజిట్‌కి ప్రత్యామ్నాయం చూపాలి: ఇన్సూరెన్స్, కనీసం ఆరు నెలల వాయిదాలు, లేదా నెల అద్దెలో సగానికి మించని తగ్గింపు డిపాజిట్. ఇదే తరహా బిల్లు బాల్టిమోర్ కౌన్సిల్‌లో నెగ్గినా 2021లో మేయర్ వీటో చేశారు. డిపాజిట్‌కి బదులుగా వచ్చే బాండ్లు అద్దెకున్నవాళ్లనే అప్పులోకి నెడతాయన్నది దాన్ని వ్యతిరేకించినవాళ్ల వాదన. ఆ భయం ఎందుకో కింద లెక్క చూస్తే తెలుస్తుంది.

చట్టం లేని చోట కూడా అడగడంలో తప్పులేదు. "సగం ఇప్పుడు, మిగతా సగం వచ్చే రెండు నెలల అద్దెతో కలిపి" అని తేదీలు వేసి మీరే ప్రతిపాదించండి. తేదీలు లేని విన్నపానికి "మా పాలసీ కాదు" అన్న జవాబే వస్తుంది. ఒప్పుకుంటే లీజుకు అనుబంధంగా రాయించండి. వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే లేట్ ఫీజు పడుతుందా, లీజు ఉల్లంఘన కిందకి వస్తుందా అన్నది ఆ కాగితంలో చూడాలి.

4. ష్యూరిటీ బాండ్: ఒకసారి కట్టేది

ఇది ఇన్సూరెన్స్‌లా కనిపిస్తుంది. పేరులో కూడా ఒక్కోసారి ఇన్సూరెన్స్ అనే ఉంటుంది. రక్షణ మాత్రం ఓనర్‌కి. మీరు ప్రీమియం కడతారు, బాండ్ కంపెనీ ఓనర్‌కి పూచీ ఇస్తుంది. ఓనర్ క్లెయిమ్ చేస్తే కంపెనీ ఓనర్‌కి చెల్లించి, ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకుంటుంది.

పెద్ద కాంప్లెక్సుల్లో తరచూ కనిపించే రేటు బాండ్ విలువలో 17.5 శాతం. 1,600 డాలర్ల బాండ్‌కి ప్రీమియం 280 డాలర్లు. ఖాళీ చేసేటప్పుడు 500 డాలర్ల డ్యామేజ్ తేలిందనుకోండి. మామూలు డిపాజిట్ అయితే 500 పోయి 1,100 తిరిగొస్తుంది, మీ నష్టం 500. బాండ్ అయితే 280 ముందే పోయింది, ఇప్పుడు 500 బిల్లు వస్తుంది, నష్టం 780. డ్యామేజ్ ఏమీ లేకపోతే డిపాజిట్ వాళ్లకు ఖర్చు సున్నా, మీకు 280. ఏ లెక్కలో చూసినా బాండ్ 280 డాలర్లు ఎక్కువే. 1,320 డాలర్లు ఇప్పుడు చేతిలో మిగలడానికి కట్టే ధర అది.

సంతకం పెట్టకముందు మూడు అడగండి. లీజు రెన్యూ చేస్తే మళ్లీ ప్రీమియం కట్టాలా? అదే కాంప్లెక్స్‌లో వేరే యూనిట్‌కి మారితే బాండ్ మారుతుందా? ఓనర్ క్లెయిమ్ చేసినప్పుడు చెల్లించకముందే నాకు తెలియజేసి, అభ్యంతరం చెప్పుకునే గడువు ఇస్తారా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. డిపాజిట్ ఓనర్ దగ్గరున్నప్పుడు వివాదం మీకూ ఓనర్‌కీ మధ్యే ఉంటుంది. బాండ్‌లో మధ్యలో ఇంకో కంపెనీ వస్తుంది. ఓనర్‌కి డబ్బు అందేసింది కాబట్టి ఆయనకు మీతో మాట్లాడే తొందర ఉండదు.

5. నెలవారీ ఫీజు: తీసుకోవచ్చు, ఎప్పుడు ఆపాలో తెలిస్తే

ఇప్పుడు ఎక్కువగా అంటగడుతున్నది ఇదే. అద్దెతో పాటు పోర్టల్‌లో 20, 30, 40 డాలర్లు అదనంగా కలుస్తాయి. "డిపాజిట్ వెయివర్" అనే పేరుతో బిల్లులో ఒక లైనుగా కనిపిస్తుంది, కనుక కొన్నాళ్లకు దాన్ని ఎవరూ పట్టించుకోరు. నష్టం జరిగేది అక్కడే.

నెలకు 29 చొప్పున ఏడాదికి 348 డాలర్లు. రెండేళ్లకు 696. అవతల పెట్టాల్సింది 1,600 డిపాజిట్. ఆ 1,600 మీ దగ్గరే ఉండి 4 శాతం వడ్డీ ఇచ్చే సేవింగ్స్‌లో వేస్తే ఏడాదికి వచ్చేది 64. అంటే డబ్బు ఉండి కూడా ఫీజు కట్టడం శుద్ధ దండగ. డబ్బు లేక ఎడ్యుకేషన్ లోన్‌లోంచి 1,600 వాడారనుకోండి, 11 శాతం వడ్డీకి ఏడాదికి 176 డాలర్లు పడుతుంది. ఫీజులో సగమే. క్రెడిట్ కార్డు మీద 24 శాతానికి ఏడాదంతా మోస్తే 384. కార్డు తప్ప ఇంకో దిక్కు లేనప్పుడే ఈ ఫీజుతో పోటీ ఉంది.

దీన్ని తెలివిగా వాడే పద్ధతి ఒకటుంది. మొదటి మూడు నాలుగు నెలలు ఫీజు కట్టండి. క్యాంపస్ జాబ్ దొరికాకో, రెండో పేచెక్ పడ్డాకో డిపాజిట్ కట్టేసి ఫీజు ఆపేయండి. నాలుగు నెలలకు 116 డాలర్లే ఖర్చు. టెక్సస్‌లో ఇది మీ హక్కు: 2021 సెప్టెంబరు 1 నుంచి ప్రాపర్టీ కోడ్ సెక్షన్ 92.111 ప్రకారం ఫీజు ఆప్షన్ ఇచ్చే ఓనర్ డిపాజిట్ ఆప్షన్ కూడా ఇవ్వాలి, ఒప్పందం రాతలో ఉండాలి, కొత్తగా వచ్చేవాళ్లకు అలాంటి ఇంటికి ఎంత డిపాజిట్ అడుగుతున్నారో అంత కట్టి మీరు ఎప్పుడైనా ఫీజు ఆపుకోవచ్చు. ఫ్లోరిడాలో 2023 జులై 1 నుంచి వచ్చిన చట్టం కూడా డిపాజిట్ కట్టి ఫీజు ఆపే వీలు ఇస్తోంది. మిగతా రాష్ట్రాల్లో సంతకం రోజే ఈ మాట ఈమెయిల్‌లో ఒప్పించుకోండి.

ఒప్పందంలో వెతకాల్సిన మాట సబ్రోగేషన్. అది ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ ఓనర్‌కి చెల్లించింది మీ దగ్గర రాబట్టుకునే హక్కు పెట్టుకుందని అర్థం. కొన్ని ప్రోగ్రాంలలో ఈ హక్కు వదులుకుంటారు. అవి కాస్త నయం. అయినా కవరేజీ పరిమితి దాటిన డ్యామేజ్‌కి, ఎగ్గొట్టిన అద్దెకు ఓనర్ నేరుగా మిమ్మల్ని అడగొచ్చు. పేజీలు ఎన్ని ఉన్నా ఈ ఒక్క విషయం తేలేదాకా చదవండి.

రెంటర్స్ ఇన్సూరెన్స్‌తో దీన్ని కలిపేసుకోకండి. రెంటర్స్ పాలసీ మీ సామాన్లకు, మీ వల్ల ఇతరులకు జరిగే నష్టానికి. లీజులో సాధారణంగా 1,00,000 డాలర్ల లయబిలిటీ ఉన్న పాలసీ అడుగుతారు. స్టవ్ మీద నూనె అంటుకుని పక్కింటికి మంట పాకితే ఆదుకునేది అది. అది ఉంది కదా అని డిపాజిట్ మాఫీ కాదు, డిపాజిట్ ఫీజు కడుతున్నాం కదా అని అది మానేయకూడదు. కాంప్లెక్స్ చెప్పిన కంపెనీలోనే తీసుకోనక్కర్లేదు, కారు ఇన్సూరెన్స్ ఉన్న చోటే అడిగితే తరచూ చవగ్గా వస్తుంది.

6. గ్యారంటార్: న్యూయార్క్, జెర్సీ సిటీ వైపు వెళ్లేవాళ్లకు

న్యూయార్క్ సిటీలో ఓనర్లు వార్షిక ఆదాయం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలంటారు. 2,000 డాలర్ల అద్దెకు 80,000. అది లేకపోతే గ్యారంటార్ కావాలి, ఆయన ఆదాయం 80 రెట్లు, అంటే 1,60,000 ఉండాలి. డిపాజిట్‌కి చట్టం ఒక నెల పరిమితి పెట్టేసరికి ఓనర్లకు మిగిలిన ధీమా ఈ గ్యారంటారే.

బాబాయినో, ఊరి అన్నయ్యనో అడిగేముందు వాళ్లు దేనికి సంతకం పెడుతున్నారో చెప్పడం మీ ధర్మం. మీరు ఎగ్గొట్టిన అద్దెకు, డ్యామేజ్‌కి వాళ్లే జవాబుదారీ. లీజు రెన్యూ అయినా వాళ్ల పూచీ కొనసాగేలా కొన్ని కాగితాల్లో రాసి ఉంటుంది. మొదటి లీజు కాలానికే పరిమితం చేయించండి. రూమ్మేట్లు ఉంటే మీ వాటాకు మాత్రమే అని రాయమని అడగండి, కొందరు ఒప్పుకుంటారు.

అంత దగ్గరివాళ్లు లేకపోతే డబ్బు తీసుకుని పూచీ ఇచ్చే కంపెనీలున్నాయి. అమెరికా క్రెడిట్ లేని విదేశీ విద్యార్థికి ఫీజు ఇంచుమించు ఒక నెల అద్దె దాకా వెళ్తుంది. అది తిరిగి రాదు. డిపాజిట్ విడిగా కట్టాల్సిందే. ఇదేదో డిపాజిట్‌కి బదులు అనుకుని కట్టి, తర్వాత డిపాజిట్ కూడా అడిగేసరికి గొడవపడేవాళ్లు చాలామంది. లీజింగ్ ఆఫీసు ఏ కంపెనీని అంగీకరిస్తుందో కనుక్కున్నాకే అప్లై చేయండి.

7. రూమ్మేట్లతో లెక్క రాసి పెట్టుకోండి

రెండు బెడ్రూముల్లో నలుగురు ఉంటే లీజులో సాధారణంగా అందరూ ఉమ్మడిగా, ఒక్కొక్కరూ మొత్తానికి బాధ్యులు. ముగ్గురు చేతులెత్తేస్తే నాలుగోవాడి మీద మొత్తం బిల్లు పడొచ్చు.

మామూలు డిపాజిట్‌లో ఒకరు మధ్యలో వెళ్లిపోతే కొత్తగా వచ్చినవాడు పాతవాడికి వాటా ఇచ్చేస్తాడు, కాంప్లెక్స్‌కి సంబంధం ఉండదు. ఈ పద్ధతి మనవాళ్లలో ఏళ్లుగా నడుస్తోంది. బాండ్, నెలవారీ ఫీజు ఉన్నప్పుడు ఇది చెల్లదు. ఎవరి పేరు మీద ఎన్‌రోల్ అయిందో వసూలు వాళ్లనే వెతుక్కుంటూ వస్తుంది. డిసెంబరులో గ్రాడ్యుయేట్ అయి వేరే రాష్ట్రానికి వెళ్లినవాడికి వచ్చే ఆగస్టులో కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసే కంపెనీ) నుంచి ఉత్తరం వస్తుంది, తను వెళ్లాక పడ్డ కార్పెట్ మరకకి.

అందుకని రూమ్మేట్ మారేటప్పుడు రెండు పనులు చేయాలి. లీజింగ్ ఆఫీసులో రూమ్మేట్ రిలీజ్ ఫారం పెట్టి పాతవాడి పేరు లీజులోంచి తీయించాలి. బాండ్ లేదా ఫీజు కంపెనీ దగ్గర కూడా విడిగా పేరు మార్పించి, మార్చినట్టు ఈమెయిల్ తీసుకోవాలి. మొదటిది చేస్తే రెండోది దానంతటదే జరుగుతుందనుకోవద్దు. వెళ్లేరోజున ఇల్లెలా ఉందో వీడియో తీసి గ్రూప్‌లో పెట్టండి.

ఇండియాలో ఉండగానే రూము ఖాయం చేసుకునేవాళ్లకు ఒక మాట. ఫేస్‌బుక్ గ్రూపుల్లో, వాట్సాప్‌లో "డిపాజిట్ పంపితే హోల్డ్ చేస్తా" అనేవాళ్లకు జెల్‌లో (Zelle, అమెరికా బ్యాంకు ఖాతాల మధ్య వెంటనే డబ్బు పంపే సర్వీసు) డబ్బు పంపిస్తే, మోసమని తేలాక తిరిగి తెచ్చుకోవడం దాదాపు కుదరని పని. లీజు కాపీ, లీజింగ్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్, యూనిట్ లోపలి నుంచి లైవ్ వీడియో కాల్, ఈ మూడూ లేకుండా పైసా పంపొద్దు.

8. దిగిన రోజే రుజువులు

డిపాజిట్ ఉన్నా, బాండ్ ఉన్నా చివరికి తేలేది డ్యామేజ్ ఎంత అన్న దగ్గరే. ఫీజు కట్టేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే బిల్లు చల్లగా మెయిల్లో వస్తుంది.

మూవ్-ఇన్ ఫారం (దిగేటప్పటికే ఇంట్లో ఉన్న లోపాలు రాసే కాగితం) ఇస్తారు, తిప్పి ఇవ్వడానికి గడువు కొన్ని చోట్ల రెండు రోజులే. సామాను పెట్టకముందే నింపండి. గదికి నాలుగు మూలలు, అవెన్ లోపల, ఫ్రిజ్ వెనక, సింక్ కింద చెక్క, బ్లైండ్స్ ఒక్కొక్క పట్టీ, కార్పెట్‌ని దగ్గర నుంచి, కిచెన్ కౌంటర్ మీద గీతలు, కాలిన మచ్చలు అన్నీ ఫోటో తీసి అదే రోజు లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ చేయండి. గ్యాలరీలో ఉంటే చాలదు, ఈమెయిల్ తేదీయే సాక్ష్యం. కాలిఫోర్నియాలో 2025 నుంచి ఓనర్లే ఫోటోలు తీసి ఉంచాలన్న నిబంధన వచ్చింది, అయినా మీవి మీ దగ్గర ఉండాలి.

మన వంటిళ్ల విషయంలో ప్రత్యేకంగా చెప్పాలి. చాలా అపార్ట్‌మెంట్లలో స్టవ్ పైన ఉండే మైక్రోవేవ్ ఫ్యాను పొగని బయటికి పంపదు, ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుంది. రోజూ పోపు పెడితే ఆర్నెల్లకి పైనున్న క్యాబినెట్ల మీద జిగురు పొర పేరుకుంటుంది. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి తుడిస్తే పోతుంది, ఏడాది వదిలేస్తే పెయింటుతో సహా ఊడుతుంది, అప్పుడది డ్యామేజ్. మెటల్ ఫిల్టర్‌ని నెలకోసారి తీసి వేడి సబ్బునీళ్లలో నానబెట్టండి. తెల్ల లామినేట్ కౌంటర్ మీద పసుపు పడితే వెంటనే తుడవాలి, రాత్రంతా ఉంటే మచ్చ దిగుతుంది. సింక్ చుట్టూ సందులు పూడ్చే తెల్ల కాల్క్ (రబ్బరులాంటి పట్టీ) పసుపుని ఇంకా తొందరగా పీల్చుకుంటుంది. దీపం గోడకి దూరంగా, కింద పళ్లెం పెట్టి వెలిగించండి, సీలింగ్ మీద మసి చారని మామూలు వాడకం కింద ఎవరూ ఒప్పుకోరు. కార్పెట్ మీద కుంకుమ సంగతి చెప్పక్కర్లేదు.

9. ఖాళీ చేసేటప్పుడు

ముందు నోటీసు. లీజులో 60 రోజులని ఉంటే 60 రోజులే, 58 కాదు. చాలా బిల్లుల్లో పెద్ద మొత్తం డ్యామేజ్‌ది కాదు, నోటీసు సరిగ్గా ఇవ్వనందుకు వేసిన అద్దెది. బాండ్ కంపెనీ దాన్ని కూడా ఓనర్‌కి చెల్లించి మీ మీద వేస్తుంది.

కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇవ్వండి. టెక్సస్‌లో మీరు అడ్రస్ రాసిచ్చేదాకా డిపాజిట్ తిరిగివ్వాల్సిన బాధ్యతే ఓనర్‌కి మొదలవదు, ఇచ్చాక ఇల్లు అప్పగించిన 30 రోజుల్లో ఇవ్వాలి. న్యూయార్క్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 21, న్యూజెర్సీలో 30. ఇండియాకి తిరిగి వచ్చేస్తుంటే నమ్మకమైన స్నేహితుడి అడ్రస్ ఇచ్చి, ఈమెయిల్ కూడా కలపండి. యూనివర్సిటీ మెయిల్ ఇవ్వకండి, కొన్నాళ్లకు మూతపడొచ్చు.

తాళాలు ఇచ్చిన రోజు ఆఫీసులో రసీదు తీసుకోండి. అదే రోజు ఫీజు ప్రోగ్రాంలోకి వెళ్లి ఆటోపే ఆపేశారో లేదో చూడండి, కొన్ని నెలవారీ ఫీజులు కంపెనీ దగ్గర విడిగా రద్దు చేస్తేనే ఆగుతాయి. రద్దు చేసినట్టు వచ్చిన మెయిల్ దాచండి.

బిల్లు వస్తే "రీప్లేస్ కార్పెట్, 900 డాలర్లు" అన్న ఒక్క లైనుకి డబ్బు కట్టకండి. కార్పెట్ ఎన్నేళ్లది, ఎన్ని చదరపు అడుగులు మార్చారు, ఇన్వాయిస్ ఏది అని అడగండి. ఏడేళ్ల పాత కార్పెట్‌కి కొత్తదాని ధర మొత్తం వేయడం న్యాయం కాదని రాయండి. నడిచి నలిగిన కార్పెట్, ఎండకి వెలిసిన పెయింట్, చిన్న మేకు రంధ్రాలు మామూలు వాడకం కిందకే వస్తాయని ఎక్కువచోట్ల వాదించొచ్చు. బాండ్ ఉంటే ఈ ఉత్తరం, దిగిన రోజు ఫోటోలు ఓనర్‌కే కాక బాండ్ కంపెనీకి కూడా పంపాలి, వాళ్లు ఓనర్‌కి చెల్లించకముందే.

అప్పటికే కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లిపోయి ఉంటే, అప్పు వివరాలతో వాళ్ల నోటీసు అందిన 30 రోజుల్లోపు ఫెడరల్ చట్టం కింద రాతపూర్వకంగా డిస్ప్యూట్ చేయండి. అప్పుడు ఆ అప్పుకి రుజువు పంపేదాకా వాళ్లు వసూలు ఆపాలి. పట్టించుకోకుండా వదిలేస్తే కలెక్షన్ పద్దు ఏడేళ్ల దాకా క్రెడిట్ రిపోర్టులో ఉండొచ్చు. ఉత్తరాన్ని సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపి, ఉత్తరం అందినట్టు తిరిగొచ్చే ఆ ఆకుపచ్చ రసీదు కార్డుని లీజు ఫైల్లోనే పెట్టండి.